‘నొప్పి, బాధ’ పద్దు: ప్రమాద పరిహారంలో ఆ మొత్తం ఎలా తేలుతుంది?

క్లుప్తంగా: రోడ్డు ప్రమాదంలో గాయపడినవారికి ట్రిబ్యునల్ (ప్రమాద పరిహారం తేల్చే ప్రత్యేక కోర్టు) ఇచ్చే పరిహారంలో వైద్యం ఖర్చు, పోయిన కూలి, వైకల్యం వల్ల ముందుముందు తగ్గే సంపాదన ఒక రకం. శరీరం పడ్డ నొప్పి, మనసు పడ్డ వేదన మరో రకం. మొదటి రకానికి బిల్లులు, సూత్రాలు ఉన్నాయి. రెండో రకానికి రేటు పట్టిక లేదు, పైన ఇంతే అన్న హద్దు కూడా లేదు. నొప్పిని నేరుగా కొలవలేరు కాబట్టి కోర్టులు దాని ఆనవాళ్లను చూస్తాయి. ఆ ఆనవాళ్లు కాగితం మీదికి ఎక్కని కేసుల్లో పరిహారం తగ్గిపోతోంది. ఎక్కువగా నష్టపోతున్నది కూలీలు, ఇంటిపని చేసే మహిళలు.

యాక్సిడెంట్ క్లెయిమ్ కేసులో తీర్పు కాపీ చేతికి వచ్చాక చాలామంది ముందు చూసేది చివరి పేజీల్లోని పట్టికనే. మందులు, ఆసుపత్రి ఖర్చు ఒక వరుస. రాకపోకల ఖర్చు, పోషకాహారం, తోడు ఉన్న మనిషి ఖర్చు తర్వాతి వరుసలు. మంచం మీద ఉన్న నెలల సంపాదన ఇంకో వరుస. వాటి మధ్యలో ఎక్కడో ‘నొప్పి, బాధ’ అని ఉంటుంది. ఎదురుగా ఓ గుండు అంకె. ఆ అంకె ఎలా వచ్చిందో తీర్పులో చాలాసార్లు ఒకటి రెండు వాక్యాలకు మించి ఉండదు.

గందరగోళం ఇక్కడే మొదలవుతుంది. ఉదాహరణకు, హనుమకొండ నుంచి ములుగు వెళ్లే ఆటోను లారీ గుద్దింది అనుకుందాం. పక్కపక్కన కూర్చున్న ఇద్దరికీ కుడికాలి ఎముక విరిగింది, ఇద్దరికీ రాడ్ వేశారు. రెండేళ్ల తర్వాత ఒకరికి ఆ వరుసలో నలభై వేలు, మరొకరికి లక్షన్నర వచ్చాయి. విరిగింది అదే ఎముక, గుద్దింది అదే లారీ. మరి తేడా ఎందుకు? జడ్జి మారడం ఒక్కటే కారణం అనుకోవడం సులువు. కానీ అసలు కారణాలు అంతకన్నా లోతుగా ఉన్నాయి.

ఒక గాయం, రెండు రకాల నష్టం

మోటారు వాహనాల చట్టం 1988లోని 168వ సెక్షన్ ట్రిబ్యునల్‌కు చెప్పేది ఒక్కటే: ‘న్యాయమైన పరిహారం’ ఇవ్వాలి. ఏది న్యాయమో ఆ సెక్షన్ వివరించదు. ఆ ఖాళీని సుప్రీంకోర్టు తీర్పులు నింపుతూ వచ్చాయి. 1995లో హట్టంగడి కేసులో కోర్టు నష్టాన్ని రెండుగా విడదీసింది. డబ్బు రూపంలో లెక్కకు అందేది ఒకటి, అందనిది ఇంకొకటి. అందనిదాన్ని నిర్ణయించేటప్పుడు కొంత అంచనా, కొంత ఊహ, గాయం తీవ్రతను బట్టి కొంత సానుభూతి తప్పవని, అయినా చూపు నిష్పాక్షికంగా ఉండాలని ఆ తీర్పు చెప్పింది.

ఈరోజు ట్రిబ్యునళ్లు వాడే చట్రం మాత్రం 2010 అక్టోబరులో వచ్చిన రాజ్‌కుమార్ తీర్పుది. అందులో గాయాల కేసుకు ఆరు పద్దులున్నాయి. వైద్యం, దానికి సంబంధించిన ఖర్చులు; సంపాదన నష్టం; ముందుముందు అయ్యే వైద్య ఖర్చు. ఈ మూడూ డబ్బు లెక్కకు అందేవి. నొప్పి, బాధ, దిగ్భ్రాంతి; జీవితంలోని సుఖాలు, సౌకర్యాలు కోల్పోవడం, అందులోనే పెళ్లి అవకాశాలు తగ్గడం; ఆయుష్షు తగ్గడం. ఇవి అందనివి. మామూలు గాయాల కేసుల్లో వైద్య ఖర్చు, చికిత్స కాలంలో పోయిన సంపాదన, నొప్పి పద్దు మాత్రమే ఇస్తే సరిపోతుందని, మిగతావి తీవ్రమైన గాయాలకు, అదీ వైద్య సాక్ష్యం ఉన్నప్పుడే అని కూడా ఆ తీర్పు చెప్పింది.

నొప్పికీ సుఖాలు కోల్పోవడానికీ మధ్య ఉన్న గీత చాలామందికి తెలియదు. ఆపరేషన్ తర్వాత రాత్రుళ్లు నిద్ర పట్టకపోవడం, ఫిజియోథెరపీలో మోకాలు వంచినప్పుడల్లా ప్రాణం పోయినట్లు ఉండటం, మళ్లీ రోడ్డెక్కాలంటే గుండె దడ రావడం నొప్పి, బాధ కిందికి వస్తాయి. నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోలేకపోవడం, బతుకమ్మ ఆడేటప్పుడు వంగి లేవలేకపోవడం, మేడారం జాతరకు పిల్లను భుజాన ఎత్తుకుని నడవలేకపోవడం సుఖాలు కోల్పోవడం కిందికి వస్తాయి. మొదటిది కాలంతో పాటు తగ్గవచ్చు. రెండోది చాలావరకు జీవితాంతం ఉంటుంది. క్లెయిమ్ పిటిషన్‌లో రెండింటినీ ఒకే మాటలో కలిపేస్తే రెండో పద్దు అసలు పరిశీలనకే రాకుండా పోయే ప్రమాదం ఉంది.

వెయ్యి రూపాయల నుంచి పదిహేను లక్షల దాకా

1994 సవరణతో చట్టానికి రెండో షెడ్యూలు అని ఒక పట్టిక చేరింది. డ్రైవర్ తప్పు రుజువు చేయకుండానే నిర్ణీత లెక్క ప్రకారం పరిహారం పొందే 163ఏ సెక్షన్ కోసం దాన్ని పెట్టారు. అందులో నొప్పి, బాధకు తీవ్ర గాయమైతే 5,000 రూపాయలు, తీవ్రం కాని గాయమైతే 1,000 రూపాయలు. వైద్య ఖర్చు ఎంతైనా 15,000కు మించకూడదు. ఈ అంకెలు దాదాపు ఇరవై నాలుగేళ్లు కదల్లేదు. బంగారం ధర, కూలి రేటు, ఆసుపత్రి గది అద్దె ఎన్ని రెట్లు పెరిగినా ఆ అయిదు వేలు అయిదు వేలుగానే ఉన్నాయి. 2018 మేలో కేంద్రం ఆ షెడ్యూలును మార్చింది. 2019 సవరణ చట్టం 163ఏ స్థానంలో 164వ సెక్షన్ తెచ్చింది. 2022 ఏప్రిల్ 1 నుంచి దాని ప్రకారం తప్పు ఎవరిదో తేల్చకుండానే మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు. ఈ దారిలో నొప్పికి విడిగా లెక్క లేదు. అన్నీ కలిపి అంతే.

పాత షెడ్యూలు 166వ సెక్షన్ కింద తప్పు రుజువు చేసి వేసే కేసులకు వర్తించదు. అయినా దాని నీడ ఆ కేసుల మీద కూడా పడింది. తీవ్ర గాయానికి ఇంత, చిన్న గాయానికి ఇంత అని గాయాలను లెక్కపెట్టి గుణించే పద్ధతి కొన్ని ట్రిబ్యునల్ తీర్పుల్లో కనిపిస్తుంది. రెండు ఎముకలు విరిగితే రెండింతలు. ఈ పద్ధతి జడ్జికి సులువు, ఇన్సూరెన్స్ కంపెనీకి ఊహించదగ్గది. కానీ ఒక్క తొడ ఎముక విరిగి, చీము పట్టి, మూడుసార్లు ఆపరేషన్ అయిన మనిషికీ, రెండు వేళ్లు విరిగి ఆరు వారాల్లో కోలుకున్న మనిషికీ మధ్య ఉన్న తేడా ఈ లెక్కలో తలకిందులవుతుంది.

మరో కొసన సుప్రీంకోర్టు ఇటీవలి తీర్పులున్నాయి. హర్యానాలో తల్లిదండ్రులతో ట్రాక్టర్ మీద వెళ్తున్న పన్నెండేళ్ల అమ్మాయిని 2007లో లారీ గుద్దింది. మెదడు దెబ్బతిని ఆ పిల్ల నెలల పాప స్థితికి వెళ్లిపోయింది. 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు నొప్పి, బాధ, సుఖాల నష్టం కలిపి 15 లక్షలు ఇచ్చింది. హైకోర్టు ఇచ్చిన 25.78 లక్షల మొత్తం 62.27 లక్షలయింది. 2024 నవంబరులో మరో తీర్పు వచ్చింది. 2008లో ప్రమాదానికి గురై పని సామర్థ్యాన్ని పూర్తిగా కోల్పోయిన వ్యక్తికి నొప్పి, బాధ పద్దు ఒక్కదాని కిందే 15 లక్షలు. నొప్పి అంటే ఏమిటి, బాధ అంటే ఏమిటి అని ఆ తీర్పులో కోర్టు వైద్య, తాత్విక రచనలను కూడా ప్రస్తావించింది.

ఈ రెండు తీర్పుల వార్తలు చదివినవారు తమ కేసులోనూ పదిహేను లక్షలు వస్తాయని ఆశ పడటం సహజం. అవి మనిషి జీవితం మొత్తం తలకిందులైన కేసులు. కాలు విరిగి అతికిన కేసుకు ఆ అంకె కొలమానం కాదు. ఆ తీర్పుల అసలు విలువ వేరే చోట ఉంది. ఈ పద్దుకు నామమాత్రపు మొత్తం రాసి ముందుకు వెళ్లకూడదు, గాయం జీవితాన్ని ఎలా మార్చిందో చూసి కారణం చెప్పి రాయాలి అన్నది వాటి సారం. అప్పీలులో పనికొచ్చేది ఆ వాదనే.

హమాలీ భుజం, గుమాస్తా భుజం

నొప్పి పద్దును అర్థం చేసుకోవాలంటే దాని పక్కనున్న సంపాదన పద్దును కూడా చూడాలి. రెండూ ఒకదాన్నొకటి ప్రభావితం చేస్తాయి.

ఏనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు మోసే హమాలీ ఒకరిని ఊహించుకుందాం. వయసు 38, నెలకు 15,000 సంపాదన. ప్రమాదంలో భుజం దెబ్బతింది, చేయి తలపైకి లేవదు. డాక్టర్ సర్టిఫికెట్‌లో ఆ చేతికి 30 శాతం వైకల్యం అని ఉంది. రాజ్‌కుమార్ తీర్పు ప్రకారం ట్రిబ్యునల్ ఇక్కడ రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఒక అవయవానికి 30 శాతం అంటే మొత్తం శరీరానికి ఎంత? ఆ వైకల్యం ఈ మనిషి చేసే పనిని ఎంత దెబ్బతీసింది? రెండో ప్రశ్నే కీలకం. శరీరంలో వైకల్యం 15 శాతమే అయినా బస్తా ఎత్తలేని హమాలీకి సంపాదన శక్తిలో 40 శాతం పోయిందని ట్రిబ్యునల్ నిర్ణయించవచ్చు. అప్పుడు 15,000కు భవిష్యత్ పెరుగుదల కింద 40 శాతం కలిపితే 21,000. ఏడాదికి 2,52,000. ఆ వయసుకు సుప్రీంకోర్టు సరళా వర్మ తీర్పులో ఇచ్చిన గుణకం (ఏడాది సంపాదనను ఎన్నింతలు చేయాలో చెప్పే అంకె) 15. మొత్తం 37,80,000. అందులో 40 శాతం 15,12,000. గాయాల కేసుల్లో కూడా ఈ భవిష్యత్ పెరుగుదల కలపాలని 2020 సెప్టెంబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

అదే భుజం గాయం ఒక ప్రభుత్వ గుమాస్తాకు అయితే ఉద్యోగం పోదు, జీతం తగ్గదు. సంపాదన నష్టం సున్నా. అలాంటి వారికి సుఖాలు కోల్పోయిన పద్దు కింద ఇవ్వవచ్చని రాజ్‌కుమార్ తీర్పు చెప్పింది. ఎడమ చేయి తెగిపోయిన డ్రైవర్ లేదా వడ్రంగికి సంపాదన నష్టం దాదాపు నూరు శాతం కావచ్చని, ప్రభుత్వ గుమాస్తాకు అలా కాకపోవచ్చని కోర్టు ఉదాహరణ కూడా ఇచ్చింది.

ఇప్పుడు నొప్పి. భుజం విరిగినప్పుడు హమాలీ పడ్డ నొప్పి, గుమాస్తా పడ్డ నొప్పి ఒకటే. కాబట్టి ఈ ఒక్క పద్దులో వృత్తి, జీతం లెక్కలోకి రాకూడదు. సంపాదన పద్దు మనుషుల మధ్య తేడా చూపించక తప్పదు. నొప్పి పద్దు మాత్రం మనుషులందరినీ సమానంగా చూడగల చోటు. ఈ చోటులో కూడా పేదవాడికి తక్కువ పడితే అది చట్టం తప్పు కాదు. ఆ లెక్కకు చేరిన సాక్ష్యం తప్పు.

కాగితం మీదికి ఎక్కని నొప్పి

ట్రిబ్యునల్ నొప్పిని చూడదు, దాని ఆనవాళ్లను చూస్తుంది. ఎన్ని రోజులు ఆసుపత్రిలో ఉన్నారు, ఎన్నిసార్లు ఆపరేషన్ చేశారు, లోపల ప్లేటు, రాడ్ ఉన్నాయా, వాటిని తీయడానికి మళ్లీ కోయాలా, ఎన్ని నెలలు కట్టు ఉంది, ఫిజియోథెరపీ ఎన్నాళ్లు సాగింది. ఇవన్నీ నొప్పికి బదులుగా నిలబడే కొలతలు. వీటిని చూపే కాగితాలు డిశ్చార్జ్ సమ్మరీ, ఊండ్ సర్టిఫికెట్ (గాయాల వివరాలు రాసే వైద్య పత్రం), ఎక్స్‌రేలు, నర్సులు రాసే రోజువారీ చార్టు, నొప్పి మందుల చీటీలు.

క్రిమినల్ చట్టంలోనూ ఇలాంటి బదులు కొలతే ఉంది. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో ఇరవై రోజుల పాటు తీవ్రమైన నొప్పి పడినా, రోజువారీ పనులు చేసుకోలేకపోయినా అది తీవ్ర గాయం. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో దాన్ని పదిహేను రోజులకు తగ్గించారు. గాయం తీవ్రమా కాదా అన్న వర్గీకరణ ఊండ్ సర్టిఫికెట్ ద్వారా క్లెయిమ్ కేసులోకి కూడా వస్తుంది. ఎముక విరగకపోయినా, పళ్లు ఊడకపోయినా పదిహేను రోజులు మంచం దిగలేని మనిషి గాయం తీవ్రమైనదే. కానీ ఆ పదిహేను రోజుల్ని ఎవరో ఒకరు రాసిపెట్టి ఉండాలి.

ఉత్తర తెలంగాణ పల్లెల్లో ఇదే దొరకదు. ఎముక విరిగితే నాటు కట్టు కట్టించుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. వారం వారం కట్టు మార్చినప్పుడు పడే నొప్పి తక్కువేమీ కాదు, కానీ ఆ కట్టుకు చీటీ ఉండదు. కేసు వేసేనాటికి మిగిలేది మొదటిరోజు పెద్దాసుపత్రి ఓపీ చీటీ ఒక్కటే. దాన్ని చూసి ఇన్సూరెన్స్ తరఫు లాయరు గాయం చిన్నదని వాదిస్తారు.

బిల్లుల సంగతీ ఇలాంటిదే. ఆరోగ్యశ్రీ కింద ఆపరేషన్ జరిగితే రోగి చేతికి బిల్లు రాదు. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి ఆ పథకం పరిమితి కుటుంబానికి ఏడాదికి 10 లక్షలు. 2025 మేలో కేంద్రం తెచ్చిన నగదు రహిత చికిత్స పథకం ప్రకారం ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు, లక్షన్నర దాకా వైద్యం అందుతుంది. ఇవి ప్రాణాలు కాపాడే పథకాలు, అందులో అనుమానం లేదు. వీటివల్ల వైద్య ఖర్చు పద్దు చిన్నదవడం కూడా సబబే, ఎందుకంటే రోగి ఖర్చు పెట్టలేదు. కానీ నొప్పి మొత్తాన్ని వైద్య బిల్లు పక్కన పెట్టి చూసుకునే అలవాటు వల్ల బిల్లు చిన్నదైనప్పుడు నొప్పి కూడా చిన్నదిగా కనిపిస్తుంది. రెండింటికీ సంబంధం లేదు. బిల్లు ప్రభుత్వం కట్టింది, కోత పడింది మాత్రం రోగి ఒంటి మీదే. ఇలాంటి కేసుల్లో బిల్లు బదులు ఆసుపత్రి కేస్ షీటు నకలు తెప్పించి దాఖలు చేయడం ఒక్కటే దారి.

సదరం సర్టిఫికెట్ మీద కూడా అపోహ ఉంది. అది పింఛను లాంటి ప్రయోజనాల కోసం వైకల్య శాతం చెప్పే పత్రం. ట్రిబ్యునల్‌లో శాతం ఉన్న కాగితం పెట్టినంత మాత్రాన సరిపోదు. చికిత్స చేసిన లేదా పరీక్షించిన వైద్యుడు సాక్షిగా వచ్చి, ఆ వైకల్యం ఏ పనులకు అడ్డమో చెప్పి, ఎదుటి లాయరు ప్రశ్నలకు నిలబడాలి. ప్రభుత్వ వైద్యులకు బదిలీలుంటాయి. ప్రైవేటు వైద్యులకు తీరిక ఉండదు. డాక్టర్ రాని కేసులో వైకల్యం లెక్కే కాదు, నొప్పి లెక్క కూడా బలహీనపడుతుంది. మంటగా ఉంటుంది, నిద్ర రాదు అని రోగి చెప్పే మాటకు వైద్యపరమైన ఆధారం చూపగలిగేది ఆ డాక్టరే.

ఇంటిపని చేసే మహిళల విషయం మరింత చిక్కు. 2019 నాటి జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపనికి మహిళలు రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తే, మగవాళ్లు 97 నిమిషాలు. 2021 జనవరిలో సుప్రీంకోర్టు ఒక ప్రమాద కేసులో ఈ అంకెలనే ఉటంకిస్తూ గృహిణికి ఊహాత్మక ఆదాయం కట్టాలని గట్టిగా చెప్పింది. గాయపడిన గృహిణి మాత్రం పడక మీద ఉండాల్సిన రోజుల్లోనే లేచి పొయ్యి దగ్గరికి వెళ్తుంది. త్వరగా కోలుకుందని అందరూ అనుకుంటారు. ఆమె పడ్డ నొప్పికి సెలవు చీటీ లేదు, జీతం కోత లేదు. ఆ నొప్పి గురించి చెప్పగలిగేది పక్కింటావిడ, కూతురు, లేదా ఆ నెలల్లో ఇంటికి పెట్టుకున్న పనిమనిషి. వారి సాక్ష్యం తీసుకోవడానికి చట్టంలో అడ్డేమీ లేదు. అయినా పిటిషన్లలో అరుదుగానే అడుగుతారు.

పిల్లల విషయంలో కొంత స్పష్టత ఉంది. 2013 ఆగస్టులో సుప్రీంకోర్టు నొప్పి, బాధ, సుఖాల నష్టం వంటివన్నీ కలిపి వైకల్య శాతాన్ని బట్టి మొత్తాలు సూచించింది. 10 శాతం వరకు లక్ష, 30 వరకు 3 లక్షలు, 60 వరకు 4 లక్షలు, 90 వరకు 5 లక్షలు, ఆపైన 6 లక్షలు. వైద్యం, తోడు మనిషి ఖర్చు దీనికి అదనం.

గనిలో గాయమైతే ఈ పద్దే లేదు

రామగుండం, మంచిర్యాల, భూపాలపల్లి ప్రాంతాల్లో తరచూ వచ్చే ప్రశ్న: పనిచేస్తూ గాయపడితే నొప్పికి పరిహారం ఉందా? ఉద్యోగుల పరిహార చట్టం 1923లో లేదు. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో సామాజిక భద్రతా కోడ్ 2020 అమల్లోకి వచ్చింది; కింది లెక్క పాత చట్టం ప్రకారం వేసింది. ఆ పాత చట్టం చూసింది సంపాదన శక్తిని మాత్రమే. బొటనవేలు పోతే 30 శాతం, ఒక కన్ను చూపు పోతే 30 శాతం అని దాని షెడ్యూలులో ఉండేది. 40 ఏళ్ల కార్మికుడి బొటనవేలు పోయిందనుకుంటే లెక్క ఇలా సాగుతుంది. జీతం ఎంత ఉన్నా 2020 జనవరి నుంచి లెక్కలోకి తీసుకునేది నెలకు 15,000 వరకే. అందులో 60 శాతం 9,000. ఆ వయసుకు గుణకం 184.17. ఫలితం 16,57,530. అందులో 30 శాతం 4,97,259 రూపాయలు. వైద్య ఖర్చు విడిగా వస్తుంది. వేలు నలిగిన రాత్రికి, ఆ తర్వాతి ఆరు నెలలకు ఒక్క రూపాయి లేదు.

దానికి బదులుగా ఈ చట్టం ఇచ్చేది తేలిక. యజమాని తప్పు రుజువు చేయక్కర్లేదు. లెక్క ముందే తెలుసు. పని మీద వెళ్తున్న డ్రైవర్, క్లీనర్ రోడ్డు మీద గాయపడితే రెండు చట్టాలూ వర్తించవచ్చు. అప్పుడు మోటారు వాహనాల చట్టం 167వ సెక్షన్ ప్రకారం ఏదో ఒక్కటే ఎంచుకోవాలి. నొప్పి, వైకల్యం ఎక్కువగా ఉండి అవతలి వాహనం తప్పు స్పష్టంగా ఉంటే ట్రిబ్యునల్ దారి, తప్పు రుజువు కష్టమైతే కార్మిక చట్టం దారి మేలని లెక్కలే చెబుతున్నాయి. తొందరపడి ఒక దారిలో అడుగు పెడితే రెండోది మూసుకుపోతుంది.

అంకె పెద్దదైనా ఎవరు కడతారు?

పత్తి ఏరడానికి, మిర్చి కోతకు కూలీలు ట్రాక్టర్ ట్రాలీలో వెళ్లడం ఇక్కడ మామూలు. ఆ ట్రాక్టర్ డ్రైవర్ తప్పు వల్లే ట్రాలీ బోల్తా పడితే ఇన్సూరెన్స్ కంపెనీ బాధ్యత సందేహంలో పడుతుంది. సరుకు వాహనంలో ఉచితంగా ఎక్కినవారికి పాలసీ వర్తించదని 2002 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. అప్పుడు మిగిలేది ట్రాక్టర్ యజమాని. ఆయనా చిన్న రైతే అయితే తీర్పులోని అంకె కాగితం మీదే ఉండిపోతుంది. కొన్ని కేసుల్లో కోర్టులు ముందు కంపెనీని చెల్లించమని, తర్వాత యజమాని నుంచి రాబట్టుకోమని చెప్పాయి. అవతలి లారీదో బస్సుదో తప్పయితే పరిస్థితి వేరు. ఆ వాహనం వైపు నుంచి పరిహారం వస్తుంది. అందుకే ఎఫ్‌ఐఆర్, పంచనామాలో ఏ వాహనం ఎటు నుంచి వచ్చిందో సరిగ్గా రాయించడం నొప్పి పద్దుకు కూడా ముఖ్యమే.

రాజీలో కనిపించని వరుస

చాలా క్లెయిమ్ కేసులు లోక్ అదాలత్‌లో ముగుస్తాయి. అక్కడ పద్దులు ఉండవు, ఒకే మొత్తం ఉంటుంది. ఇన్సూరెన్స్ అధికారి బిల్లులు, వైకల్య శాతం చూసి ఒక అంకె చెబుతారు. ఇటువైపు ఇంకో అంకె. మధ్యలో ఎక్కడో కలుస్తారు. డబ్బు త్వరగా వస్తుంది, అది చిన్న విషయం కాదు. కానీ బేరంలో ముందు కరిగిపోయేది కాగితం లేని పద్దే. లోక్ అదాలత్ అవార్డు మీద అప్పీలు లేదు కాబట్టి, సంతకం చేసే ముందు ఆ మొత్తంలో నొప్పికి, సుఖాల నష్టానికి ఎంత ఉందో లాయరును అడిగి తెలుసుకోవడం కక్షిదారు హక్కు.

పట్టిక పెడితే బాగుంటుందా?

ఇంగ్లాండులో జడ్జిల కోసం గాయాల వారీగా కనిష్ఠ, గరిష్ఠ మొత్తాలతో మార్గదర్శకాలు 1992 నుంచి ఉన్నాయి. మెడ బెణుకు లాంటి చిన్న గాయాలకు 2021 మే నుంచి అక్కడ చట్టబద్ధమైన రేట్ల పట్టిక అమల్లోకి వచ్చింది. అమెరికాలోని కాలిఫోర్నియా 1975లో వైద్య నిర్లక్ష్యం కేసుల్లో నొప్పి, బాధకు రెండున్నర లక్షల డాలర్ల హద్దు పెట్టింది. దాదాపు యాభై ఏళ్లు ఆ హద్దు కదల్లేదు. 2023 నుంచి మాత్రమే పెంచడం మొదలుపెట్టారు.

కాలిఫోర్నియా అనుభవం, మన రెండో షెడ్యూలు అనుభవం ఒకే మాట చెబుతున్నాయి. పట్టిక ఏకరూపత తెస్తుంది, కానీ దాన్ని ఎప్పటికప్పుడు సవరించే బాధ్యత ఎవరిదీ కాకపోతే పదేళ్లలో అది అన్యాయంగా మారుతుంది. మరణ కేసుల్లో 2017 నాటి ప్రణయ్ సేథి తీర్పు దీనికో ఉపాయం చూపింది. అంత్యక్రియలకు 15,000, జీవిత భాగస్వామిని కోల్పోయినందుకు 40,000 లాంటి స్థిర మొత్తాలు పెట్టి, మూడేళ్లకోసారి 10 శాతం పెంచాలంది. గాయాల కేసుల్లో నొప్పికి అలాంటి ఏర్పాటు లేదు. కనిష్ఠ మొత్తాన్ని మాత్రం అలా ఖరారు చేసి, పైభాగాన్ని జడ్జి విచక్షణకు వదిలేస్తే ఇప్పుడున్న తేడాలు కొంత తగ్గుతాయి. గరిష్ఠ హద్దు మాత్రం అవసరం లేదు. అది కోత పెట్టేది అందరికన్నా ఎక్కువగా దెబ్బతిన్న మనిషికే.

గడువు, కేసు వేసే చోటు

1994 సవరణ తర్వాత క్లెయిమ్ కేసుకు కాలపరిమితి లేకుండా పోయింది. 2022 ఏప్రిల్ 1 నుంచి మళ్లీ ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు పిటిషన్ వేయాలన్న నిబంధన వచ్చింది. దాన్ని సవాలు చేసిన పిటిషన్లు సుప్రీంకోర్టు ముందుకు వెళ్లాయి. అవి తేలేదాకా గడువు దాటిందన్న కారణంతో కేసులు కొట్టేయవద్దని 2025 నవంబరులో మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. అయినా ఆ ఉత్తర్వును నమ్ముకుని ఆగడం కన్నా ఆరు నెలల్లోపు వేయడమే క్షేమం. గాయపడిన మనిషికి ఆ ఆరు నెలలూ చికిత్సలోనే గడిచిపోతాయి. చికిత్స పూర్తయ్యాకే కేసు వేయాలన్న నియమం ఏమీ లేదు. ముందు పిటిషన్ వేసి, తర్వాతి ఆపరేషన్ల కాగితాలను విచారణలో చేర్చవచ్చు.

ప్రమాదం ఎక్కడ జరిగినా, బాధితుడు నివసించే చోటి ట్రిబ్యునల్‌లో కేసు వేయడానికి 166వ సెక్షన్ వీలు కల్పిస్తుంది. నిర్మల్ దగ్గర జాతీయ రహదారి 44 మీద గాయపడిన పరకాల మనిషి అక్కడిదాకా తిరగక్కర్లేదు. 2022 జూన్‌లో తెలంగాణలోని 33 జిల్లాలకూ విడివిడిగా జిల్లా కోర్టులు ఏర్పడటంతో ఈ దూరం ఇంకా తగ్గింది.

పిటిషన్‌లో తక్కువ మొత్తం అడిగామని కూడా బెంగపడనక్కర్లేదు. సాక్ష్యం ఉంటే అడిగినదానికన్నా ఎక్కువ ఇచ్చే అధికారం ట్రిబ్యునల్‌కు ఉందని 2002 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ సాక్ష్యం మొదలయ్యేది ఆసుపత్రి మంచం దగ్గర. ఏ రోజు ఏ మందు వేశారు, రాత్రి ఎన్నిసార్లు లేపి తిప్పారు, మొదటిసారి కర్ర పట్టుకుని నిలబడింది ఎప్పుడు అని ఇంట్లో ఎవరో ఒకరు పాత నోటుబుక్కులో తేదీలతో రాసుకుంటే, రెండేళ్ల తర్వాత బోనులో నిలబడి ‘చాలా నొప్పి పడ్డాడు’ అనడానికి బదులు ఆ తేదీలు చెప్పగలుగుతారు.